ముందు నువ్వు మింగు

అక్టోబరు 9

వీడియో సమావేశానికి గోర్గాన్ డాక్టర్లు ఈరోజూ ఆలస్యమే. ఇరాన్ గడియారం మాకంటే గంటన్నర వెనక అని ప్రతి ఆహ్వానంలోనూ రాస్తాను. ప్రతిసారీ మరిచిపోతారు. వాళ్ళొచ్చేదాకా తెర మీద నేనూ, నుకుస్ నుంచి ఐపార్షా, ఇద్దరమే. మా కజక్ సరిహద్దుకు అటువైపు, నుకుస్ ఆసుపత్రిలో, నా పనే ఆమె పని. కొన్నేళ్ళుగా దాదాపు రోజూ మాట్లాడుకుంటున్నాం. ఒక్కసారి కూడా కలుసుకోలేదు. మెడ కింద ఆమె ఎలా ఉంటుందో నాకు తెలియదు.

మధ్యాహ్నం ప్రొఫెసర్ ఇస్కందిరోవ్ గారు అస్తానా నుంచి వచ్చిన అతిథులకు నన్ను పరిచయం చేశారు. "ఈమె మా కర్లిగాష్. మూడు దేశాల క్యాన్సర్ డాక్టర్లం కలిసి పని చేస్తున్నామంటే ఈమె చలవే. మా తేదీలు, మా వీసాలు, మా రక్తం సీసాలు, మా తగువులు, అన్నీ ఈమె చేతిలోనే."

అతిథులు నవ్వారు. ఒకాయన తన కోటు నా చేతికిచ్చాడు.

కొత్త దుకాణం రొట్టె గట్టిగా ఉంది. టీలో ముంచుకుని తిన్నాను.

అక్టోబరు 14

పాత దుకాణం రొట్టె కూడా అంతే. పిండే మారినట్టుంది.

అక్టోబరు 22

సమల్ నా గదికి వచ్చి కుర్చీలో కూలబడింది. మా ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేసే డాక్టర్లందరిలోకీ చిన్నది, మాట మాత్రం పెద్దది. పొద్దున అరల్ వైపు నుంచి ఒకామెను తీసుకొచ్చారట.

"నీళ్ళు కూడా దిగట్లేదక్కా ఆవిడకి. ఏం చెయ్యను? ఆ ఊళ్ళవాళ్ళు నా దగ్గరికొచ్చేసరికి నాకు చెయ్యడానికేం మిగలదు. జబ్బు మొదట్లో దొరికితే నయమైపోయేదే కదా!"

"అందుకేగా ఆక్‌షాగిల్ వెళ్తున్నాం" అన్నాను. వచ్చే నెల ఆ ఊళ్ళో అన్నవాహిక క్యాన్సర్ పరీక్షల శిబిరం. ఆ ఊరి ఆడవాళ్ళు ఇదివరకు ఒకసారి మా బృందాన్ని గుమ్మంలోంచే పంపించేశారు. ఈసారి కూడా రామంటే ఆ జిల్లాను అధ్యయనం నుంచి తీసేయాల్సిందేనని ప్రొఫెసర్ గారు అన్నారు. తీసేస్తే మళ్ళీ ఎవరూ ఆ దారి పట్టరు.

వెళ్తూ వెళ్తూ సమల్ తలుపు దగ్గర ఆగింది. "అక్కా, మీరు సన్నబడ్డారు."

"మాంసం తగ్గించాను. ఈ వయసులో మంచిదేగా."

నిజమే. తగ్గించాను.

నవంబరు 2

ఆదివారం. రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం దుకాణంలో అమ్మాయి "సంచీ కావాలా?" అంది. "వద్దు" అన్నాను. బొంగురుగా వచ్చింది. వాడకపోతే గొంతు కూడా తుప్పు పడుతుంది కాబోలు.

నవంబరు 6, ఆక్‌షాగిల్

ఉల్‌బోసిన్ అజే ఇంట్లో, పొయ్యి పక్కన పరుపు మీద కూర్చుని రాస్తున్నాను. అజే అంటే అవ్వ. ఈ ఊళ్ళో అజేలకు కొదవ లేదు గానీ, పేరు చెప్పకుండా "అజే" అంటే మాత్రం ఈవిడే. ఈవిడ ఊ అంటేనే ఊళ్ళో ఆడవాళ్ళు ఊ అంటారు.

దారి పొడుగునా ఇసుక, ఉప్పు తేలిన నేల, గాలి. వ్యాను నడిపే తోలెగెన్ ఊరు దాటిన దగ్గర్నుంచి నోరు మూయలేదు.

"చెల్లెమ్మా, నా పెళ్ళాం పోయాకే నేను మాట్లాడ్డం నేర్చుకున్నా. ఆవిడున్నన్నాళ్ళూ నాకు వంతు రాలేదు."

"ఇప్పుడు మాకు రావట్లేదు" అంది సమల్.

ఊరి వైద్యశాలలో మంచం వేసి, తెర బిగించి, గొట్టాలన్నీ కడిగి పొద్దుటి నుంచి కూర్చున్నాం. ఒక కుక్క వచ్చి చూసి పోయింది. ఇంకెవరూ రాలేదు. సాయంత్రం అజే కబురు పెట్టింది, భోజనానికి రమ్మని.

మమ్మల్ని కూర్చోబెట్టి, టీ పోస్తూ మొదలుపెట్టింది.

"మీరేనా నా టీ మీద కేసు పెట్టినోళ్ళు?"

"కేసేమీ లేదజే" అంది సమల్. "మరీ పొగలు కక్కుతుంటే వద్దంటున్నాం. కాస్త ఆరనిచ్చి తాగండి, అంతే."

"ఆరిన టీ ఎవరికి పోస్తారే? కోపమొచ్చిన చుట్టానికి పోస్తారు. మా అత్త సలసలా కాగేది తాగి తొంభై ఏళ్ళు బతికింది."

"అందరూ మీ అత్తంత గట్టివాళ్ళు కారు కదజే."

"అది మాత్రం నిజం. ఆవిడ గట్టిదనం నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు." నవ్వించేసింది. తన పేరు సంగతి కూడా చెప్పింది. వాళ్ళ నాన్నకు ఈమె ఏడో ఆడపిల్ల. ఇకనైనా కొడుకు పుట్టాలని 'ఉల్‌బోసిన్' అని పెట్టాడట, అంటే 'కొడుకవ్వాలి' అని. "పుట్టలేదు. ముసలాడు నన్ను పిలిచినప్పుడల్లా దేవుణ్ణి అడుక్కున్నట్టే ఉండేది. దేవుడికి బదులు నేనే పలికేదాన్ని."

సమల్ అసలు మాట ఎత్తేసరికి నవ్వు పోయింది. గొంతులోకి గొట్టం వేస్తే నిద్రపోతున్న జబ్బు లేస్తుందని వీళ్ళ నమ్మకం. పోయినేడు ఈ ఊరామె ఒకతె పట్నం వెళ్ళి వేయించుకుంది, వసంతం దాటలేదు.

"ఆవిడ ఆలస్యంగా వచ్చిందజే."

"అందరూ మీ దగ్గరికి ఆలస్యంగానే వస్తారు. మీరేమన్నా ముందొచ్చారా?"

"ఇప్పుడు వచ్చాం కదా" అంది సమల్. అజే మాంసం వడ్డించమని కోడలికి సైగ చేసింది.

బేష్‌బర్మాక్ పెట్టారు, పిండి రేకుల మీద ఉడికించిన మాంసం. అతిథినని నాకు మంచి ముక్కలు ఏరి వేశారు. చిన్నవి చేసుకుని, కాసేపు నమిలి, రుమాల్లోకి చేర్చాను. ప్రయాణమంటే నా కడుపు ఎప్పుడూ ఇంతే.

నవంబరు 7, ఆక్‌షాగిల్

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఆడవాళ్ళు వచ్చారు. వైద్యశాల వసారాలో గోడకానుకుని నిలబడ్డారు. శాలువాల్లోంచి కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఎవరూ లోపలికి అడుగు పెట్టడం లేదు. అజే ముందుకొచ్చి చేతికర్ర నేలకానించింది.

"మేం రామని అనట్లేదు. ముందు మీలో ఒకళ్ళు ఆ గొట్టం మింగండి. చూస్తాం."

"నేను మింగితే గొట్టం పట్టేదెవరజే?" అంది సమల్.

"నేను మింగుతా" అన్నాడు తోలెగెన్ వ్యాను దగ్గర్నుంచి.

"నువ్వు మగాడివి. నీ గొంతులో ఏం పోసినా దిగుద్ది." ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. అజే కర్ర ఎత్తి నన్ను చూపించింది. "అదుగో, ఆ కాయితాలావిడ. ముందు నువ్వు మింగు బిడ్డా. నీ వెనక నేను మింగుతా. నా వెనక వీళ్ళంతా."

నేను పేర్లు రాసుకోవాలన్నాను. ఈ జిల్లాదాన్ని కాదు, లెక్కలోకి రానన్నాను. పొద్దున టీ తాగాను, కడుపు ఖాళీగా లేదన్నాను.

"నువ్వు పడుకుంది నా ఇంట్లో. నీకు పోసిన గిన్నె పోసినట్టే ఉంది."

సమల్ నా చెవి దగ్గరకొచ్చింది. "అక్కా, అక్కర్లేదు. నేనేదో సర్దిచెప్తాను." ఏం సర్దిచెబుతుంది? ఆ ఆడవాళ్ళలో ఒకామె అప్పటికే వెనక్కి తిరిగింది. ఇంకొకామె పిల్లను ఎత్తుకుంది వెళ్ళడానికి. నేను కలం కిందపెట్టాను. ధైర్యమని రాసుకోను ఇక్కడ. అంతమంది కళ్ళ ముందు లేచి పోవడం కంటే పడుకోవడం తేలికనిపించింది, అంతే.

గొంతులో మందు కొట్టారు, మొద్దుబారింది. పక్కకు తిరిగి పడుకున్నాను. గొట్టం పోతున్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరికీ తిరుగుతాయట. సమల్‌కు పని చేస్తూ ఊరికే మాట్లాడే అలవాటు. "బాగుందక్కా, ఊపిరి తీసుకోండి, బాగుంది, ఇంకొంచెం, ఆ, బాగుంది..."

మాట ఆపేసింది.

నేను గోడ వంక చూస్తున్నాను. చేతులు కడుక్కోవాలని రాసిన బొమ్మ ఉంది అక్కడ. తర్వాత అయొడిన్ పోసింది, రొమ్ము వెనక మంటగా పాకింది. అయొడిన్ అంటుకోని చోట అనుమానం ఉన్నట్టు. ఆ సంగతి నాకు తెలుసు, శిక్షణ పుస్తకం అచ్చు వేయించింది నేనే. చిన్నగా ఒకటి రెండు చోట్ల గిల్లినట్టయింది. ఎన్నిసార్లు గిల్లిందో లెక్క పెట్టలేదు.

లేచి నోరు తుడుచుకుని వాకిట్లోకి వచ్చాను. నవ్వాను. "చూశారా, ఏం కాలేదు."

అజే నా మొహంలోకి చాలాసేపు చూసింది. కర్ర నా చేతికిచ్చి, లోపలికి నడిచి, మంచం ఎక్కింది.

ఆమె తర్వాత కోడలు. కోడలి తర్వాత పక్కింటామె. సాయంత్రానికి వసారా ఖాళీ అయింది. నేను పేర్లు రాశాను. నా చేతిరాత బాగానే ఉంది.

నవంబరు 8

తిరుగు దారిలో సమల్ నా పక్కనే కూర్చుంది. నేనేమీ అడగలేదు. పరీక్షకు ముక్క తీసింది, అంతే. అనుమానం ఉన్న ప్రతిచోటా తీయాలి, అది నియమం. ఆ నియమాన్ని మూడు భాషల్లోకి తర్జుమా చేయించింది నేనే.

తోలెగెన్ పాడుతూ నడిపాడు.

నవంబరు 13

సమల్ మాట్లాడాలంటోంది. వార్షిక నివేదిక పని ఉంది, రేపన్నాను.

నవంబరు 14

రేపన్నాను.

నవంబరు 18

ఇవాళ సమల్ లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టింది.

"అక్కా, మీకు ఎప్పట్నుంచి దిగట్లేదు?"

"ఏం దిగట్లేదు?"

"రొట్టె."

"రొట్టె బాగుండట్లేదమ్మా ఈమధ్య. గట్టిగా చేస్తున్నారు. పిండి మారింది."

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. తన చెయ్యి చల్లగా ఉంది, అప్పుడే కడుక్కుని వచ్చినట్టుంది.

"అక్కా, రొట్టె బాగానే ఉంది."

తర్వాత చాలా చెప్పింది. స్కానింగు చేయాలి, ముక్కలు మూడు ఊళ్ళలోనూ చదవాలి, పరిస్థితి చేయి దాటలేదు, చేయగలిగింది ఉంది. అన్నీ విన్నాను. అన్నీ నాకు తెలిసిన మాటలే. వేరేవాళ్ళ గురించి విన్నవి.

అమ్మ కూడా రొట్టెనే తిట్టేది. తన చివరి శీతాకాలమంతా పిండిలో కల్తీ అని సణిగేది. నేను బజారంతా తిరిగి వేరే పిండి, మళ్ళీ వేరే పిండి తెచ్చేదాన్ని.

నవంబరు 19

సెలవు పెట్టలేదు. పెట్టి ఏం చేయాలి ఇంట్లో?

నవంబరు 27

అనుమానపు కేసులన్నీ మూడు ఊళ్ళ డాక్టర్లూ తెర మీద కలిసి చూస్తారు. పేర్లుండవు, అంకెలే. ఎవరి మొహమాటమూ ఎవరికీ అడ్డు రాకూడదని ఆ ఏర్పాటు చేసినప్పుడు అందరూ నన్ను మెచ్చుకున్నారు.

"ఇవాళ మినిట్స్ నేను రాస్తాను, మీరు రాకండి" అంది సమల్ పొద్దున.

"లింకు ఎవరు పెడతారు?"

"అక్కా!"

"గోర్గాన్ వాళ్ళకి ఫోన్ చేసి గుర్తు చెయ్యాలి. అదెవరు చేస్తారు?"

వెళ్ళాను. ఎప్పటిలా బల్ల చివర కూర్చున్నాను. ముందు ఇద్దరి కేసులు అయ్యాయి. తర్వాత తెర మీద గులాబీ, ఊదా రంగుల్లో పరీక్ష ముక్క బొమ్మ ఒకటి వచ్చింది. అందంగా ఉంది. తివాచీ మీద నేసిన పువ్వులా ఉంది.

"యాభై ఒక్కేళ్ళ స్త్రీ" అంది సమల్, కాగితంలోకి చూస్తూ.

గోర్గాన్ పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నారు. సందేహం లేదన్నారు. నుకుస్ డాక్టర్ కూడా సందేహం లేదన్నారు. స్కానింగులో గోడ మందంగా ఉంది, దూరం మాత్రం పాకలేదు, ముందు మందులు, తర్వాత ఆపరేషన్. నేను రాస్తూ పోయాను. వాళ్ళు చెప్పినదానికంటే వేగంగా రాస్తాను నేను, అందుకే నన్నింత కాలం ఉంచుకున్నారు.

"ఆపరేషన్ పెద్దది" అన్నారు ప్రొఫెసర్ గారు. "ఇంట్లో చూసుకునేవాళ్ళెవరన్నా ఉన్నారా ఆవిడకి?"

సమల్ బల్ల వంక చూస్తోంది.

"కర్లిగాష్, మీరు కనుక్కుని రాయండి."

"అలాగేనండీ" అన్నాను.

అప్పుడు నా ల్యాప్‌టాప్ కెమెరా ఆపాను.

నవంబరు 28

ఐపార్షా ఫోన్ చేసింది. పని వేళ కాని వేళ.

"నిన్న కెమెరా ఎందుకాపావు?"

"నెట్ బాగోలేదు."

"నెట్ బాగోకపోతే మాటా పోవాలి. నీ కుర్చీ కిర్రుమన్నది కూడా నాకు వినబడింది. ముక్కు చీదావు."

"జలుబు."

అవతల ఆమె మనవడు ఏదో అడుగుతుంటే "అవతలికి పోరా" అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "నీకెన్నేళ్ళే?"

"నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. నీ నోటితో చెప్పు."

చెప్పాను. ఆమె కరకల్పక్ భాషలో తిట్టడం మొదలుపెట్టింది. జబ్బును తిట్టింది, మా ప్రొఫెసరును తిట్టింది, నన్ను తిట్టింది, సరిహద్దును తిట్టింది. ఆ తిట్లలో సగం మా కజక్ తిట్లే, యాస తేడా. వింటూ ఏడ్చాను. ఈ పది రోజుల్లో ఏడవడం అదే మొదటిసారి.

"వస్తున్నా" అంది.

"వద్దు. నీ పనులు నీకుంటాయి."

డిసెంబరు 4

ప్రొఫెసర్ గారికి సమల్ చేత చెప్పించాను. ఆయన నా గదికి వచ్చి, నిలబడే ఉన్నారు.

"నాకు తెలీదు కర్లిగాష్. ఆ రోజు నేను... నాకు తెలీదు."

"మీకెలా తెలుస్తుందండీ? పేరు లేకుండా పెట్టించింది నేనే కదా."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. తేనె సీసా ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. పాపం, కొని చాలాసేపు చేతిలో పట్టుకున్నట్టున్నారు, సీసా వెచ్చగా ఉంది.

డిసెంబరు 15

పని నాలుగో అంతస్తులో. మందు రెండో అంతస్తులో. మధ్యలో మెట్లు.

ఐపార్షా వస్తానంది. రావద్దన్నాను.

జనవరి 10

జుట్టు పోతోంది. టోపీ పెట్టుకున్నాను. బయట ఎలాగూ అందరికీ టోపీలే, చలి ఉపకారం చేసింది.

కుర్చీలో సూది పెట్టించుకుని కూర్చుంటే పక్క కుర్చీల్లోవాళ్ళు కబుర్లు చెప్పుకుంటారు. ఒకాయనకు కూతురు పత్రిక చదివి వినిపిస్తుంది. ఒకామె మొగుడు చెప్పులు తిన్నగా పెడుతుంటాడు, అవి వంకర పోకపోయినా. నేను ల్యాప్‌టాప్ తెచ్చుకుంటాను. బిజీగా ఉన్నట్టు ఉంటుంది.

జనవరి 11

ల్యాప్‌టాప్ తెచ్చుకుంటాను గానీ ఏమీ చేయను. ఇక్కడైనా నిజం రాయాలి.

జనవరి 29

ఐపార్షా వస్తానంది. రావద్దన్నాను. సరిహద్దు దాటాలి, రైళ్ళు మారాలి, మంచు. ఇంకా, నన్ను ఇలా చూడకూడదు. ఆమెకు తెలిసింది తెర మీది మనిషి.

ఫిబ్రవరి 12

ఆక్‌షాగిల్ నుంచి ఫోన్. ఉల్‌బోసిన్ అజే ఫోన్‌లో అరుస్తుంది, ఊరికి దూరం కదా, గట్టిగా చెప్పకపోతే చేరదని.

కోడలి గొంతులో అయొడిన్ అంటని మచ్చ ఒకటి దొరికింది. చాలా చిన్నది. సమల్ గొట్టంతోనే దాన్ని ఒలిచేసింది, కోతా లేదు, కుట్టూ లేదు. అజేకు ఏమీ లేదు.

"నా కోడలు దక్కింది! నీకో గొర్రెను అట్టేపెట్టా, వచ్చి తిను!"

"సంతోషం అజే."

"నువ్వెలా ఉన్నావ్?"

"బాగున్నాను."

"అబద్ధం."

ఆమె అరవడం ఆపింది. గొంతు తగ్గిస్తే ఇంకా దగ్గరగా వినిపించింది.

"ఆ రాత్రి నా ఇంట్లో ముక్క నోట్లో తిప్పుకుంటూ కూచున్నావ్. మా అక్క ఇలాగే తిప్పుకునేది, మేం చూడకుండా కుక్కకేసేది. మాకు తెలిసేసరికి కుక్క బలిసింది, అక్క లేదు. నిన్ను చూసి రాత్రంతా పడుకోలా. పొద్దున లేచి, ఏదోలా ఈ పిల్ల చేత మింగించాలనుకున్నా."

"అంతమంది ముందు పట్టుకున్నారు కదజే నన్ను."

"ఒంటరిగా అడిగితే ఒప్పుకునేదానివా?"

ఒప్పుకునేదాన్ని కాదు.

"మంచిది. ఇప్పుడు చెప్పు, నీ దగ్గర ఎవరున్నారు?"

"ఆఫీసువాళ్ళున్నారు."

"ఆఫీసువాళ్ళు కాదే పిల్లా!" మళ్ళీ అరుపు. "ఎవరున్నారని అడుగుతున్నా!"

లైన్ తెగిపోయిందన్నాను. ఆమె వింటూ ఉండగానే అన్నాను.

మార్చి 22

నౌరీజ్. కొత్త ఏడు. కిటికీలోంచి చూశాను, ఊరంతా కొత్త బట్టల్లో కూడలి వైపు పోతోంది. తోలెగెన్ నౌరీజ్ జావ డబ్బాలో తెచ్చాడు, ఆయన అన్నగారి భార్య చేసిందట. లోపలికి రమ్మంటే ఏదో పనుందన్నాడు. ఏడుపు మొహం దాచుకోవడం రాదు ఆయనకు.

మార్చి 27

ఆసుపత్రిలో చేరాను. రేపే ఆపరేషన్.

నర్సు కొత్త పిల్ల, నేనెవరో తెలియదు. "దగ్గర ఎవరు కూచుంటారమ్మా?" అంది.

"ఎవరూ అక్కర్లేదు."

"అక్కర్లేకపోవడం ఏంటి? లేచి నడిపించాలి, తాపించాలి. ఎవరో ఒకరు ఉండాలి కదా."

నాలుగో అంతస్తులో నా గదికి తాళం వేసి, తాళం చెవి సమల్‌కు ఇచ్చాను. ఇన్ని ఊళ్ళవాళ్ళను ఇన్ని ఊళ్ళకు చేర్చాను. నా మంచం పక్కకు ఒక మనిషిని చేర్చడానికి ఎవర్ని అడగాలో తెలియలేదు.

భయంగా ఉంది.

ఏప్రిల్ 4

కలం పట్టుకోనిచ్చారు. కొంచెమే.

బతికున్నాను. పక్కన ఐపార్షా ఉంది.

ఏప్రిల్ 6

ఇవాళ కాస్త ఎక్కువ రాయగలను.

ఆపరేషన్ పొద్దున నన్ను తోపుడు మంచం మీద తీసుకుపోతుంటే, నడవా చివర ఒక భారీ మనిషి కాపలావాడితో పోట్లాడుతోంది. మంచు బూట్లు, రెండు చేతుల్లో రెండు సంచులు, భుజాన ఇంకోటి. ఆ గొంతు నాకు తెలుసు. మొహం చూసి కూడా పోల్చుకోలేకపోయాను. నా తెరలో సరిపోయే మనిషి ఇంత పెద్దగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. అంత గుమ్మంలో పట్టడం లేదు.

"వద్దన్నాను కదా" అన్నాను.

"అన్నావు. చాలాసార్లన్నావు. అన్నీ విన్నా." సంచులు కింద పడేసి నా మొహం రెండు చేతుల మధ్య పట్టుకుంది. "ఓసి నీ... ఇంత చిన్నగా ఉన్నావేంటే నువ్వు!"

తలుపులు మూసుకున్నాయి. నేను నవ్వుతూ లోపలికి పోయానని సమల్ చెప్పింది. నాకు గుర్తు లేదు.

ఏప్రిల్ 10

మొదటి రోజుల్లో ఇద్దరికీ మాటలు దొరకలేదు. ఇన్నేళ్ళూ మేం మాట్లాడుకున్నదంతా పని చుట్టూనే కదా. పని లేకుండా ఒకరి పక్కన ఒకరం కూర్చుంటే కొత్త చుట్టాల్లా ఉంది. ఆమె నా దుప్పటి సర్దేది. నేను థాంక్స్ చెప్పేదాన్ని. మూడోసారి థాంక్స్ చెప్పినప్పుడు "ఇంకోసారి అన్నావంటే దుప్పటి తీసుకుని నుకుస్ పోతా" అంది.

ఇవాళ ప్రొఫెసర్ గారు చూడ్డానికి వచ్చారు. ఆరోగ్యం అడిగారు, వాతావరణం గురించి చెప్పారు, కిటికీలోంచి చూశారు. తర్వాత గొంతు సవరించుకుని, "కర్లిగాష్, ఏమనుకోకండి, పోయినేటి నివేదిక నమూనా కంప్యూటర్లో ఎక్కడ..."

ఐపార్షా లేచి నిలబడింది. నిలబడితే ఆయన కంటే ఎత్తు.

"ప్రొఫెసర్ గారూ, ఆవిడకి నిన్ననే గొట్టం తీశారు. నమూనా నా దగ్గరుంది, పంపిస్తా. మీరు మాత్రం ఆ కుర్చీలో కూచుని, ఆవిడతో పని గురించి కాకుండా అయిదు నిమిషాలు మాట్లాడండి. రాదా? ప్రయత్నించండి."

ఆయన కూర్చున్నారు. చాలాసేపు ఆలోచించి, చిన్నప్పుడు సిర్ నదిలో మునిగిపోబోయిన కథ చెప్పారు. చాలా బాగా చెప్పారు. ఇన్నేళ్ళలో నాకు తెలియదు ఆయనకు ఈత రాదని.

ఏప్రిల్ 14

తీసేసిన ముక్క పరీక్ష వచ్చింది. అంచులు శుభ్రంగా ఉన్నాయి. సమల్ చదివి వినిపిస్తూ రెండుసార్లు ఆగింది. ఇక మూణ్ణెల్లకోసారి చూపించుకోవాలి, కొన్నేళ్ళ పాటు. "ఇప్పుడే ఏమీ అనలేం అక్కా. కానీ బాగుంది. నిజంగా బాగుంది."

రోగులకు సరిగ్గా ఇలాగే చెప్పాలని మా శిక్షణ పుస్తకంలో ఉంది. వినే వైపు నుంచి అది వేరేగా ఉంటుంది. 'కానీ' దగ్గర ప్రాణం ఆగుతుంది.

ఏప్రిల్ 22, ఇల్లు

ఐపార్షా గురక పెడుతుంది. నా అలమరలో గిన్నెలన్నీ తనకు నచ్చినట్టు మార్చేసింది, ఉప్పు ఎక్కడుందో నాకే తెలియడం లేదు. రోజంతా మాట్లాడుతుంది. మొగుడితో ఫోన్‌లో పోట్లాడి, ఆ పోట్లాట మళ్ళీ మొదట్నుంచి నాకు చెబుతుంది. గంటగంటకూ రెండేసి గరిటెలు ఏదో ఒకటి తాపిస్తుంది, తాగేదాకా ఎదురుగా నిలబడి. పక్కింటివాళ్ళతో నాకు ఇన్నేళ్ళలో లేని స్నేహం ఆమెకు వారంలో కుదిరింది. ఇల్లు ఇరుకైపోయింది.

రేపు ఆమె ప్రయాణం. టికెట్ నేనే తీశాను. స్టేషనుకు తీసుకెళ్ళమని తోలెగెన్‌కు చెప్పాను. దారిలో తినడానికి ఏం కట్టాలో రాసిపెట్టాను. అన్ని ఏర్పాట్లూ సరిగ్గా ఉన్నాయి.

ఏప్రిల్ 23

పొద్దున ఆమె సంచుల జిప్పులు వేస్తోంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. "అన్నీ పెట్టుకున్నావా?" అని అడుగుదామని నోరు తెరిచాను.

"ఉండు" అన్నాను.

"ఏంటి?"

"ఇంకొన్నాళ్ళు ఉండు."

"వినబడలా."

"వినబడింది నీకు."

ఆమె మంచం మీద కూర్చుంది. మంచం మూలిగింది. నన్నే చూసింది. ఆమె కళ్ళు తెర మీద ఇంత తేనె రంగులో కనిపించేవి కావు.

"ఇది అడగడానికి నీకు ఇన్నాళ్ళు పట్టిందా? నవంబరు నుంచీ ఎదురు చూస్తున్నానే!" అంది. ముక్కు తుడుచుకుని, జిప్పు మళ్ళీ తీసింది. "అయితే టికెట్ మార్చు. ఆ రైల్వేవాళ్ళ సైటు నాకర్థమై చావదు. మా ప్రొఫెసరుకి సెలవు చీటీ కూడా నువ్వే రాయి, నేను రాస్తే తిట్లు పడతాయి."

టికెట్ మార్చాను. ఎన్నో తారీఖుకని అడిగితే "నువ్వే వెయ్యి" అంది. దూరంగా వేశాను. సెలవు చీటీలో కారణం దగ్గర కాసేపు ఆలోచించి, 'రెండు కేంద్రాల మధ్య సమన్వయం' అని రాశాను.

తోలెగెన్‌కు ఫోన్ చేసి రావద్దని చెప్పాను. అయినా వచ్చాడు. వంటింట్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరి మాట ఎవరూ వినడం లేదు. ఉప్పు ఎక్కడ పెట్టావని ఐపార్షా నన్ను కేకలేస్తోంది. దాచింది తనే.

వెళ్ళి చూడాలి.